బస్తాకి ఎన్ని లీటర్లు?

ఇల్లు నాది. కడుతున్నది నా బావమరిది. అలా కట్టకూడదంటున్నది నా కొడుకు. ఒకే గిన్నెలో పప్పు వడ్డించుకుని తింటూ ముగ్గురం ఒకే మాట మీద వాదులాడుకున్నాం. ఆ మాట కాంక్రీటు.

నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు నాకు నాలుగు సెంట్ల స్థలం ఉంది. అందులో పాత డాబా ఉండేది. దానికి ముప్పై రెండేళ్లు నిండకుండానే స్లాబు కింద పెచ్చులు రాలడం మొదలైంది. ఒక వానాకాలం రాత్రి మా అమ్మ తలగడ పక్కనే అరచేయంత పెచ్చు పడింది. పొద్దున్నే స్టూలెక్కి చూశాను. లోపల రాడ్డు తుప్పు పట్టి ఉబ్బి పొరలు పొరలుగా ఊడుతోంది. ఆ రాడ్డుకి అడ్డంగా ఉండాల్సిన కాంక్రీటు గోరు మందం కూడా లేదు. అది కట్టినాయన ఇప్పుడు లేడు, తప్పు ఎవరిదని తవ్వుకునే ఓపిక నాకూ లేదు. అయితే ఆ రాత్రి తర్వాత, సిమెంటు పనిలో ఎవరేం చెప్పినా చెవులు రిక్కించి వినడం అలవాటైంది.

బావమరిది తాపీ పట్టి 35 ఏళ్లు. మధ్యలో నాలుగేళ్లు దుబాయిలో చేసి వచ్చాడు. మా అబ్బాయి హైదరాబాదులో నలభై అంతస్తుల టవర్లు లేచే చోట క్వాలిటీ కంట్రోలు ఇంజనీరు. పిల్లర్లు పోసే వారం సెలవు పెట్టుకుని వచ్చాడు. వస్తూనే సంచిలోంచి ఒక కాంక్రీటు ముక్క తీసి, సెంట్రింగు చెక్క మీద పెట్టాడు. రెండు సాయంత్రాలు నేను పక్కన కూర్చుని విన్నది ఇది.

అబ్బాయి: మావయ్యా, ఇది చూడు. మా లాబ్‌లో పగలగొట్టిన క్యూబు ముక్క. క్యూబు ఎటు చూసినా 150 మిల్లీమీటర్లు, అరడుగు అనుకో. 28 రోజులు నీళ్లలో నానబెట్టి మిషన్లో నొక్కాం. 137 టన్నులు దాటాక గాని పగల్లేదు. ఎం 60 అంటే అది, చదరపు మిల్లీమీటరుకు 60 న్యూటన్లు. మీరు పోసే ఎం 20 అదే క్యూబుకి 46 టన్నులు.

మేస్త్రీ: ఏదీ, ఇలా ఇయ్యి.

ఆయన ముక్కని వెలుతురులోకి తిప్పి బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత నేనూ పట్టుకున్నాను. కంకర రాళ్లు అడ్డంగా, కత్తిపీట మీద కోసిన కందదుంపలా తెగి ఉన్నాయి. మా పాత స్లాబు పెచ్చు ఒకటి గుర్తుగా దాచుకున్నాను, దాన్ని తెచ్చి పక్కన పెట్టాను. అందులో ఒక్క రాయీ తెగలేదు. రాళ్లు ఊడిపోయిన చోట నున్నటి గుంటలున్నాయి, గుంటల్లో వేలు పెడితే బూడిదలాంటి పొడి అంటుతోంది.

అబ్బాయి: తేడా తెలిసింది కదా? మామూలు కాంక్రీటు పగిలితే పగులు రాయి చుట్టూ తిరిగి పోతుంది. ఎందుకంటే రాయికీ సిమెంటు ముద్దకీ మధ్య ఉన్న సన్నని పొర అన్నిటికంటే బలహీనం. నీళ్లన్నీ అక్కడ చేరతాయి. దీంట్లో ఆ పొర గట్టిపడిపోయింది, పగులు రాయిలోంచే పోవాల్సి వచ్చింది. బలమంటే అదీ మావయ్యా. నాన్న ఇంటి పిల్లర్లు దీంతో పోద్దాం. విశాఖ దగ్గర ప్లాంటు ఉంది, నేను మాట్లాడతాను.

మేస్త్రీ: ఇలాంటివి దుబాయిలో చూశాన్లే. ఎండాకాలంలో పగలు పొయ్యనిచ్చేవాళ్లు కాదు. రాత్రి పూట, నీళ్లకి బదులు ఐసు ముక్కలేసి కలిపేవాళ్లు. ఆ కాంక్రీటు గొప్పది, కాదనను. నేనడిగేది ఒక్కటే. రెండంతస్తుల ఇల్లు. పిల్లరు 9 అంగుళాలు, 12 అంగుళాలు, ఆరు రాడ్లు 12 ఎం.ఎం. దానిమీదికి ఎంత బరువొస్తది? నువ్వే లెక్క కట్టు.

అబ్బాయి: నడిమి పిల్లరు మీద, భద్రతకని ఒకటిన్నర రెట్లు వేసుకున్నా 50 టన్నులు దాటదు.

మేస్త్రీ: మరి ఎం 20తో పోస్తే ఎంత మోస్తది?

అబ్బాయి: లెక్క ప్రకారం 75 పైన మోస్తుంది.

మేస్త్రీ: చూశావా బావా, నీ కొడుకే చెప్పాడు. 50 మోసేదానికి 75 ఉన్నవాణ్ణి పెట్టాక, 200 మోసే పహిల్వాన్ని తెచ్చి నిలబెట్టి మేపడం దేనికి?

అబ్బాయి: నీ మాలు నిజంగా ఎం 20 అయితే కదా ఆ 75. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు దీని చోటు ఏదో చెప్పనీ. ఒక టవర్లో కింది అంతస్తు పిల్లరు 4000 టన్నులు మోయాలనుకో. ఎం 20తో పోస్తే అయిదున్నర అడుగుల చదరం కావాలి. అదే ఇనుము పాళ్లతో ఎం 60 అయితే మూడు ముప్పావు అడుగులు చాలు. సెల్లార్లో ఆ రెండడుగుల తేడాలో ఒక కారు తలుపు తెరుచుకుంటుంది. 1975లో చికాగోలో వాటర్ టవర్ ప్లేస్ అని 74 అంతస్తుల భవనం కట్టినప్పుడే ఈ స్థాయి కాంక్రీటు వాడారు. పిల్లర్లు మనుషులుండే జాగాని మింగకూడదనే దీని పుట్టుక. దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన చూశావు కదా, రెండు స్తంభాల మధ్య దాదాపు 234 మీటర్లు చెరువులో కాలు మోపకుండా దాటుతుంది. దిమ్మలు ముందే పోసి, తీగలతో ఒకదానికొకటి బిగించి కట్టారు. అలా బిగిస్తే నలగని కాంక్రీటు కావాలి. అంత దూరం ఎందుకు, నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో పట్టాల కింద స్లీపర్లు ఏంటనుకున్నావు? ఎం 55. తీగలు ముందే లాగి పట్టుకుని, చుట్టూ కాంక్రీటు పోసి, గట్టిపడ్డాక వదిలేస్తారు. తీగ వెనక్కి ముడుచుకోబోతూ స్లీపరుని జీవితాంతం నొక్కి పట్టుకుంటుంది. రోజూ దానిమీద ఎన్ని గూడ్సు బళ్లు పోతాయో లెక్కెట్టు.

(మన ఊరి పేరు పెట్టుకుని ఊరికి అంత దూరాన ఉన్న ఆ స్టేషన్లో నేను ఎన్నిసార్లు బండి కోసం నిలబడ్డానో. కాళ్ల ముందున్న ఆ బూడిదరంగు దిమ్మల వైపు ఒక్కసారీ పరీక్షగా చూడలేదు.)

మేస్త్రీ: స్లీపరు సంగతి ఒప్పుకున్నా. మరి నాగార్జునసాగరో? మాకు పని నేర్పిన ముసలాయన కుర్రతనంలో అక్కడ రాయి మోశాడు. 124 మీటర్ల ఎత్తు, అంతా రాతికట్టు. ఎం 60 లేదు, ఎం 100 లేదు. కృష్ణమ్మని ఆపి నిలబడలేదా?

అబ్బాయి: నిలబడింది. దాని వెనక ఉన్న కె.ఎల్. రావుగారు ఎవరనుకున్నావు? ఇనుప కాంక్రీటు లెక్కల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసిన మనిషి. కాంక్రీటు తెలీక రాయి ఎంచుకోలేదు. 1955లో శంకుస్థాపన నాటికి దేశంలో సిమెంటు కరువు, యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు కరువు. మనుషులున్నారు, రాయుంది. ఉన్నదాంతో కట్టారు. పైగా ఆనకట్ట తన బరువుతో నిలబడుతుంది, దానికి కావలసింది బరువు. టవరుకి తన బరువే శత్రువు.

మేస్త్రీ: నేననేదీ అదే కదరా! ఆయనకి అన్నీ తెలుసు, తెలిసి పనికి తగ్గది ఎంచుకున్నాడు. నువ్వు మీ నాన్న ఇంటికి టవరు మందు రాసిస్తున్నావు.

ఇక్కడ మా వాడు కాసేపు మాట్లాడలేదు. చెక్క మీద పెన్సిలుతో ఏదో గీశాడు. వాడిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. లెక్క తనకి ఎదురు తిరిగినా దాచుకోడు.

అబ్బాయి: ఇంకొకటి నేనే చెప్తాను, నీకు పనికొస్తుంది. స్లాబుకి, దూలానికి ఎం 60 పోస్తే బలం మూడు రెట్లు కాదు. వంగే చోట లాగుడు తీసుకునేది ఇనుము. కాంక్రీటు గ్రేడు పెంచితే అక్కడ ఒరిగేది కొంచెమే. గట్టిదనం, అంటే వంగకుండా బిగిసి ఉండే గుణం, గ్రేడుతో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. ఎం 20 నించి ఎం 60కి పోతే ఒకటి ముప్పావు రెట్లు కూడా సరిగ్గా రాదు. సియాటిల్లో 1989లో టూ యూనియన్ స్క్వేర్ అనే టవరుకి పది అడుగుల వ్యాసం ఉక్కు గొట్టాల్లో, మన లెక్కలో ఎం 130 లాంటి కాంక్రీటు నింపారు. అంత బలం కావాలని కాదు, గాలికి ఊగకుండా బిగువు కావాలని. ఆ బిగువు తెచ్చుకోవాలంటే అంత బలం దాకా వెళ్లాల్సి వచ్చింది.

మేస్త్రీ: అంటే పిల్లరుకే పనికొస్తదన్నమాట.

అబ్బాయి: పిల్లరుకి, గోడకి, బిగించి కట్టే వంతెనకి. ఉప్పుగాలి ఉన్న చోటికి కూడా. పూడిమడక వైపు చూడు, సముద్రం ఒడ్డున ఇళ్లలో రాడ్లు ఎంత తొందరగా తుప్పు పడతాయో. ఈ రకం కాంక్రీటులో సందులు తక్కువ. ఉప్పు, తేమ లోపలికి పోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. నాకు దాని బలం కన్నా ఈ గుణమే ఎక్కువ ముఖ్యం.

మేస్త్రీ: మరి విరిగేటప్పుడు? మామూలు పిల్లరు చెప్పి విరుగుతాది. ముందు గీత పడతాది, పెచ్చు లేస్తాది, మనుషులు బయటికి పరిగెత్తే టైం ఇస్తాది. నీ ముక్క అలా లేదు. రాయితో సహా తెగిందంటే చెప్పకుండా తెగిందని అర్థం.

అబ్బాయి: నిజం. మా లాబ్‌లో ఎం 20 క్యూబు నలిగితే చప్పుడు కూడా రాదు, పక్కలు రాలతాయి. ఎం 60, ఎం 70 అయితే మిషనుకి జాలీ తలుపు వేసి గాని నొక్కం, టపాకాయలా పేలుతుంది. అందుకే ఆ పిల్లర్లలో రింగులు దగ్గర దగ్గరగా కట్టాలి. లోపలి కాంక్రీటుని రింగులు నడుం పట్టీలా బిగించి పట్టుకోవాలి. నిప్పు సంగతీ ఉంది. 1996లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింద సొరంగంలో మంటలు లేచినప్పుడు గోడల కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా పేలిపోయింది. సందులు లేవు కాబట్టి లోపల ఆవిరి పోయే దారి లేక పేలింది. ఇప్పుడు ఇలాంటి కాంక్రీటులో సన్నని ప్లాస్టిక్ పోగులు కలుపుతున్నారు. వేడికి అవి కరిగి ఆవిరికి దారి ఇస్తాయి.

మేస్త్రీ: బలం పెరిగే కొద్దీ జాగ్రత్త పెరగాలన్నమాట.

అబ్బాయి: కైగాలో జరిగింది వినలేదా? కర్ణాటకలో అణువిద్యుత్ కేంద్రం. 1994లో కడుతుండగానే లోపలి గుమ్మటం అడుగుపొర ఊడి కింద పడింది. కాంక్రీటు నాసిదేం కాదు. లోపల లాగిన తీగలు వంపు దగ్గర కాంక్రీటుని పొరలుగా విడదీసే లాగుడు పుట్టించాయి, ఆ లాగుడుకి ఎదురు నిలిచే ఇనుము ఆ దిక్కున లేదు. తర్వాత మళ్లీ కట్టినప్పుడు ఎం 60 వాడారు, సిలికా ఫ్యూమ్ కలిపి, అదేంటో తర్వాత చెప్తాను. గ్రేడు పెంచారు, దాంతోపాటు ఇనుము పెట్టే తీరూ మార్చారు. ఒక్క గ్రేడు పెంచి ఊరుకోలేదు.

మొదటి సాయంత్రం అక్కడ ఆగింది. రాత్రి పడుకునే ముందు మా ఆవిడ అడిగింది, ఇంతకీ ఎవరిది రైటు అని. తమ్ముడు ఒక పక్క, కొడుకు ఒక పక్క కాబట్టి ఆమెకి ఏ జవాబైనా నష్టమే. నాకు మాత్రం ఒకటి తోచింది, వీళ్లిద్దరూ ఇంకా అసలు చోటికి రాలేదని. మా పాత స్లాబు మీద పది టవర్ల బరువేం పడలేదు కదా. పడింది వాన, గాలి. మరి అది ఎందుకు చచ్చింది?

మర్నాడు పొద్దుట రెండు ఫుటింగులు మిగిలుంటే మాలు కలిపే మిల్లరు తిరిగింది. అబ్బాయి పక్కన నిలబడి వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. సాయంత్రం వాడే మొదలుపెట్టాడు.

అబ్బాయి: మావయ్యా, ఇవాళ మొదటి మిల్లరుకి బస్తాకి మూడు బక్కెట్ల నీళ్లు పోశారు. అయిదో దానికి మూడున్నర. తొమ్మిదో దానికి నాలుగు బక్కెట్లు, పైగా ఆఖర్న ఎవరో ట్యూబు పెట్టారు. బక్కెట్టు ఎంత?

మేస్త్రీ: పది లీటర్లది. పూర్తిగా నింపరులే.

అబ్బాయి: నింపరు, ఎంత నింపరో ఎవరికీ తెలీదు. 50 కిలోల బస్తాకి 25 లీటర్లు పోస్తే ఒక బలం. 35 పోస్తే ఆ బలంలో మూడో వంతుకు పైనే పోతుంది. సిమెంటు అదే, రాయి అదే, ఖర్చు అదే. 1918లో చికాగోలో డఫ్ అబ్రామ్స్ అనే ఆయన వేల నమూనాలు పగలగొట్టి తేల్చిన మాట ఇది. సిమెంటుకి రాయిగా మారడానికి కావలసిన నీళ్లు కొంచెమే. మిగిలిన నీళ్లు ఎండి పోయాక, అవి కూర్చున్న చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఆ సందుల్లోంచే గాలి, తేమ రాడ్డు దాకా పోతాయి. నాన్న పాత స్లాబుని చంపింది అదే. నేను తెచ్చిన ముక్కలో బస్తాకి ఎన్ని లీటర్లో తెలుసా? 15.

మేస్త్రీ: పదిహేనా? అది పొడిపొడిగా ఉంటాదిరా, తట్టలోంచి జారదు.

అబ్బాయి: ఒట్టి నీళ్లయితే జారదు. అందుకే సూపర్‌ప్లాస్టిసైజరు వేస్తారు. సిమెంటు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడితే, మధ్యలో నీళ్లు చిక్కుకుపోతాయి. ఈ మందు రేణువుల్ని విడదీస్తుంది, చిక్కుకున్న నీళ్లు బయటపడి మాలు పారుతుంది. ఇంక సిలికా ఫ్యూమ్. సిలికాన్, ఫెర్రోసిలికాన్ కొలిమిలో లేచే పొగని వడకడితే వచ్చే దుమ్ము. సిమెంటు రేణువుకన్నా వంద రెట్లు సన్నం. పెద్ద గింజల మధ్య చిన్న గింజలు కూరినట్టు సందుల్లో దూరిపోతుంది, పైగా సిమెంటులోంచి వచ్చే సున్నంతో కలిసి అదీ జిగురవుతుంది. ఇందులో మాయేం లేదు మావయ్యా. ఎం 60 అంటే నీళ్లు తగ్గించడం, సందులు పూడ్చడం, అంతే.

మేస్త్రీ చుట్ట తీసి ముట్టించలేదు. అలాగే వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

మేస్త్రీ: సరే. నీళ్లే ప్రాణమన్నావు, నేనూ అంటాను. ఇప్పుడు నా మాట విను. మొన్న వానకి ఇసుక గుట్ట తడిసింది. తడిసిన ఇసుక బస్తా మాలుకి తనే ఎన్ని నీళ్లు తెస్తాది?

అబ్బాయి: నూటికి 5 పాళ్ల తేమ ఉంటే… బస్తాకి నాలుగు లీటర్లు.

మేస్త్రీ: నా 25కి నాలుగు ఎక్కువైతే దెబ్బ తింటాది, కాదనను. నీ 15కి నాలుగు ఎక్కువైతే?

అబ్బాయి: కూలిపోతుంది. నాలుగో వంతుకు పైగా ఎక్కువైనట్టు.

మేస్త్రీ: అదీ. నీ కాంక్రీటు తప్పుని సహించదు. మా కుర్రాళ్లు తప్పు చెయ్యని రోజు లేదు. నువ్వు విశాఖ నించి లారీలో తెప్పిస్తావు. నీళ్లు కలిపాక రెండు గంటల్లో దించాలని మీ పుస్తకంలోనే కదా ఉంది? అనకాపల్లిలో ట్రాఫిక్, తాళ్లపాలెం దాటాక ఎండ. లారీ మన సందులోకి రాదు, రోడ్డు మీద ఆగి అక్కణ్ణించి తట్టలతో మోస్తాం. అప్పటికి బిగుసుకుపోతే డ్రైవరు ఏం చేస్తాడు? దుబాయిలోనే చూశాను, ఎవరూ చూడనప్పుడు డ్రమ్ములోకి ట్యూబు పెట్టేవాళ్లు. కాగితం మీద ఎం 60, పిల్లర్లో ఏముందో దేవుడికెరుక. నా మాలు నా కళ్లముందు కలుస్తాది.

అబ్బాయి: నీ కళ్లముందే ఇవాళ నాలుగు బక్కెట్లు పోశారు మావయ్యా.

ఎవరూ మాట్లాడలేదు. వాడన్నది నిజమే, కానీ కొంచెం కటువుగా అన్నాడు. మేనమామ ముఖం కందింది. లేచి వెళ్లిపోతాడేమో అనుకున్నాను. ఆయన లేచాడు, లోపలికి వెళ్లి ఒక గాజు సీసా తెచ్చాడు. ఇసుక గుట్ట అడుగు నుంచి గుప్పెడు తీసి సగం దాకా పోశాడు. నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి, మూత బిగించి గిలక్కొట్టి చెక్క మీద పెట్టాడు.

మేస్త్రీ: ఇది నేను రోజూ చేస్తాను, నువ్వు ఇవాళ చూశావా? చూడలేదు. బక్కెట్లు లెక్కెట్టావు. రాత్రి దాకా ఉంచు. ఇసుక అడుక్కి పోతాది, మట్టి పైన పేరుకుంటాది. ఆ మట్టి పొర ఇసుకలో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా వద్దనాలి. మట్టి రాయికి అంటుకుంటే నీ సిలికా ఏం చేస్తాది? వరాహ ఇసుకే అయినా ఏ మలుపులో తీశారన్నది ముఖ్యం. ఇసుక లారీని నా సీసా రెండుసార్లు తిప్పి పంపింది.

అబ్బాయి: ఇది నాకు తెలీదు మావయ్యా. నువ్వు చేస్తావని తెలీదు.

సీసా పక్కన వాళ్లిద్దరూ అలా కూర్చున్నప్పుడు నాకు మొదటిసారి ఊపిరాడింది. నీళ్ల లెక్కలో వాడిది పైచేయి. పదార్థాన్ని చేత్తో ఎరగడంలో ఆయనది. నా ఇంటికి రెండూ కావాలి. వాదనలో ఎవరు గెలిచినా నేను ఓడిపోతానని వాళ్లకి ఎలా చెప్పను?

మేస్త్రీ: మరి నువ్వేం అడుగుతున్నావు? ఎం 60 వద్దని నీకూ తెలుసు ఇప్పుడు.

అబ్బాయి: వద్దు. నేను పట్టుబట్టింది ఆ నంబరు మీద కాదని ఇవాళే నాకూ తెలిసింది. ఆ నంబరు వెనకున్న పద్ధతి మీద. కానీ ఎం 20 కూడా వద్దు. వాన తగిలే చోట మన కాంక్రీటు కోడు ఎం 25కి తక్కువ పనికిరాదంటుంది. ఒకటి, ఒకటిన్నర, మూడు అని పాళ్లు చెప్పి కలిపేది ఎం 20తోనే ఆగిపోతుంది, ఆపైన మిక్సు డిజైను చేయించాల్సిందే. మన ఇసుక, మన కంకర పట్టుకెళ్లి చేయిస్తాను. బస్తాకి నీళ్లు సగం పాళ్లు, 25 లీటర్లు, ఇసుక తడి అందులోంచి తీసెయ్యాలి. రాడ్డుకి అడ్డంగా కాంక్రీటు నిలిపే కవర్ బ్లాకులు పిల్లరుకి 40, స్లాబుకి 30 మిల్లీమీటర్లు. స్లాబుకి 30 ఎందుకని మీ కుర్రాళ్లు అడిగితే ఈ పెచ్చు చూపించు. వైబ్రేటరు కుర్రాడికి కూడా చెప్పాలి. నూటికి అయిదు వంతులు గాలి మిగిలిపోతే 30 వంతుల బలం పోతుంది.

మేస్త్రీ: 53 గ్రేడు బస్తా తెచ్చుకుంటే చాలు, 53 బలం వచ్చేస్తాదని నాతో వాదించే ఇళ్లవాళ్లున్నారు. వాళ్లకి ఈ లెక్క ఎవరు చెప్తారు?

అబ్బాయి: ఆ 53 సిమెంటు బలం. కాంక్రీటుది కాదు. చెప్పాల్సింది నువ్వే. నీ మాటైతే వింటారు.

మేస్త్రీ: ఇప్పుడొచ్చేవి ఎక్కువగా బూడిద కలిపిన బస్తాలే. పరవాడ కరెంటు కేంద్రం బూడిద, ఉక్కు ఫ్యాక్టరీ స్లాగు. మెల్లగా గట్టిపడతాయి. తొందరపడి సెంట్రింగు తీస్తే నష్టం. ఇది నేను ఎంత చెప్పినా, సెంట్రింగు అద్దె పెరుగుతాదని ఇళ్లవాళ్లు గోల.

అబ్బాయి: మెల్లగా గట్టిపడినా ఆఖరికి సందులు తక్కువ, అది మంచిదే. దానికి తడి ఎక్కువ రోజులు కావాలి. కోడులో పది రోజులకి తక్కువ కాకూడదని ఉంది, 14 అయితే మంచిదని ఉంది.

మేస్త్రీ: స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలబెడితే 14 రోజులు కాదు, 20 ఉంచగలను. వరి మడిలా చూసుకుంటాను. పిల్లర్లకే కష్టం. గోనెలు చుట్టి రోజుకి మూడుసార్లు తడపాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవడూ తడపడు. ఆ ఒంటిగంటకే పిల్లరుకి దాహం. బావా, ఆ పని నీది. రిటైరయ్యావు కదా.

నా పని అదేనని ఒప్పుకున్నాను.

ఒకటి మాత్రం చివరిదాకా తేలలేదు. నిజం ఎక్కడుంటుంది అన్నది. పరీక్ష లేని నమ్మకం నమ్మకం కాదంటాడు మా వాడు. ప్రతి పోతకి క్యూబులు తీసి, ఏడు రోజులకి కొన్ని, 28 రోజులకి కొన్ని విశాఖ లాబ్‌లో నొక్కించాలంటాడు. క్యూబుకి పోసేది కుర్రాళ్లు జాగ్రత్తగా పోస్తారు, పిల్లరుకి పోసేది అలా పొయ్యరు, క్యూబు పాసైతే పిల్లరు పాసైనట్టు కాదంటాడు మేస్త్రీ. ఇద్దరూ చెప్పేది నిజమే, అందుకే తెగదు. క్యూబులు తీద్దామన్నదానికి మాత్రం మేస్త్రీ అడ్డం చెప్పలేదు. ఒక షరతు పెట్టాడు. మాలు మిల్లరు దగ్గర తియ్యకూడదు, పిల్లరు దగ్గరికి వచ్చిన తట్టలోంచి, తను చెయ్యి పెట్టి చూపించిన తట్టలోంచి తియ్యాలి.

మర్నాడు మిల్లరు పక్కన కొత్త బక్కెట్టు కనపడింది. లోపలివైపు ఎర్ర రంగుతో గీత గీసుంది. గీత దాటి పోస్తే ఆ పూట కూలి లేదని మేస్త్రీ కుర్రాళ్లతో అనడం విన్నాను. చెక్క మీద సీసాలో ఇసుక పేరుకుంది, పైన మట్టి పొర అగ్గిపుల్ల మందం కూడా లేదు. అబ్బాయి అచ్చుల్లో మాలు మూడు పొరలుగా పోసి, ఒక్కో పొరని కడ్డీతో పొడిచి, పైన మేకుతో తేదీ రాశాడు. క్యూబులు డ్రమ్ము నీళ్లలో మునిగే లోపు వాడి బస్సు టైమయింది.

సంచి సర్దుకుంటూ చెక్క మీది ముక్కని తీసుకోబోయాడు. మేస్త్రీ దానిమీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఉండనీ. ఇందులో కంకర ఎంత సైజు?"

"10 ఎం.ఎం. ఈ రకంలో చిన్నదే వేస్తారు. రాయి చిన్నదైతే లోపల పగులు ఉండే అవకాశం తక్కువ."

"ఏ క్వారీది?"

"కనుక్కోవాలి."

"కనుక్కో. దీంట్లో సిమెంటు ముద్ద గెలిచింది, రాయి ఓడింది. మన ఏజెన్సీ కొండల నల్లరాయి ఒక తట్ట పంపుతాను. అది వేసి మళ్లీ నొక్కు. ఏది ముందు తెగుతాదో నాకు ఫోను చేసి చెప్పు."